బావగారిచ్చిన బ్రష్, అత్తగారి అభ్యంతరం, పాప ప్రశ్న

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. చాలా పొడవుగా ఉంది కాబట్టి ముఖ్యమైన సంగతులే ఇస్తున్నాం.

ఆయన వయసు 41. వారానికొక ప్లాస్టిక్ రేజర్ వాడి పారేస్తూ, డబ్బాలో వచ్చే స్ప్రే నురగతో ఏళ్ల తరబడి గడ్డం గీసుకున్నారు. మెడ మీద ఎర్రటి పొక్కులు వచ్చేవి. ఆరు నెలల కిందట, అమెరికాలో ఉండే అక్క భర్త ఒక సెట్ తెచ్చి ఇచ్చారు: స్టీలు సేఫ్టీ రేజర్, చెక్క పిడి ఉన్న బ్రష్, చెక్క గిన్నెలో గుండ్రటి సబ్బు, చివర రాసుకునే క్రీము. పొక్కులు తగ్గాయి. పొద్దున్నే ఆ పది నిమిషాలంటే ఆయనకు ఇష్టం ఏర్పడింది.

ఈలోగా కంటి ఆపరేషన్ కోసం అత్తగారు వచ్చి వీళ్లింట్లో ఉంటున్నారు. శ్రీవైష్ణవ కుటుంబం, నిత్యపూజ, మడి. ఒకరోజు ఐదో తరగతి చదివే పాప పెట్టె మీది అక్షరాలు పైకి చదివింది. బ్రష్ బ్యాడ్జర్ అనే అడవి జంతువు వెంట్రుకలది, సబ్బులో మొదటి పదార్థం సోడియం టాలోవేట్, అంటే పశువుల కొవ్వుతో చేసినది. పాప ఫోన్‌లో వెతికి, ఏదో వీడియో చూసి, ఏడుస్తూ వచ్చి అడిగింది: "నాన్నా, దీన్ని చంపారా?" అత్తగారు అన్నది వేరు: "దేవుడి గది గోడకి అవతల గొడ్డు కొవ్వా?" ఈయనకి కోపం వచ్చి, "మీ పట్టుచీర కోసం ఎన్ని పురుగులు ఉడికాయో లెక్కేశారా?" అనేశారు. మూడు వారాలుగా అత్తగారు కూతురి ద్వారానే మాట్లాడుతున్నారు. భార్య అన్నీ పారేయమంటోంది. సంక్రాంతికి బావగారు వచ్చి ఐదు రోజులు ఉంటారు. "పారేస్తే ఆయన నొచ్చుకుంటారు, వాడితే ఇంట్లో వాళ్లు నొచ్చుకుంటారు. సింథటిక్ కొందామంటే అది ప్లాస్టిక్, అది మాత్రం పాపం కాదా?" అని ఉత్తరం ముగించారు.

సమాధానం

మీ ఇంట్లో అందరూ ఒకే బ్రష్ గురించి మాట్లాడుతున్నారు గానీ అందరి బాధా ఒకటి కాదు. పాప అడిగింది హింస గురించి. అత్తగారు అన్నది మైల గురించి. మీరు బావగారి మనసు గురించి ఆలోచిస్తున్నారు. మీ ఆవిడ ఈ ముగ్గురి మధ్య నలుగుతున్నారు, అందుకే "పారేయండి" అన్న ఒక్క మాటతో తెంచేయాలని చూస్తున్నారు. వీటిని విడదీసుకోకపోతే మీరేం చేసినా ఒకరికి తప్పుగానే కనిపిస్తుంది.

ఎందుకంటే హింస లెక్క, మైల లెక్క ఒకే దారిలో నడవవు. పంది వెంట్రుకల బ్రష్ సంగతే చూడండి. ఆ పందిని చంపింది మాంసం కోసం, వెంట్రుకలు మిగిలిన సరుకు. హింస లెక్కలో అది బ్యాడ్జర్ బ్రష్ కంటే కొంత తేలిక. మైల లెక్కలో చూస్తే అత్తగారికి అది ఇంకా దుర్భరం. పట్టు దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. మామూలు పట్టు తీయడానికి పురుగు లోపల ప్రాణంతో ఉండగానే గూళ్లను ఆవిరి పడతారు, ఉడికిస్తారు. ఒక చీరకు వేల గూళ్లు కావాలి. అయినా మడికి పట్టు శ్రేష్ఠమే. తిరుమలలో శుక్రవారం అభిషేకమయ్యాక శ్రీవారికి పునుగు తైలం పూస్తారు, అది పునుగు పిల్లి నుంచి వచ్చేదే. కస్తూరి, గోరోచనం కూడా జంతువుల నుంచి వచ్చినవే. జంతువు నుంచి వచ్చినదేదీ ముట్టకూడదని అత్తగారి ఆచారం ఎప్పుడూ చెప్పలేదు. ఏది శుద్ధం, ఏది కాదు అనే చెప్పింది. కాబట్టి మీ పట్టుచీర మాట వాస్తవమే అయినా, ఆవిడ అడగని ప్రశ్నకు జవాబు. పైగా కంటి ఆపరేషన్ చేయించుకుని మీ ఇంట్లో ఉన్న మనిషికి "నువ్వూ దోషివే" అన్నట్టు వినిపించింది.

ఆ మాటకు క్షమాపణ విడిగా చెప్పండి. బ్రష్ విషయం తేలాక చెబుదామని ఆగొద్దు. "అత్తయ్యగారూ, ఆ రోజు చీర సంగతి ఎత్తడం నా తప్పు. మీరన్నది పూజ గురించి, నేను వేరే ఎక్కడికో తీసుకెళ్లాను" అని, మీ ఆవిడ మధ్యవర్తిత్వం లేకుండా, నేరుగా. అందులో బ్రష్ ఉంచుతాననీ తీసేస్తాననీ కలపకండి. కలిపితే బేరం పెట్టినట్టు ఉంటుంది. (పట్టులో హింస మీకు నిజంగానే బాధ అనిపిస్తే, పురుగు రెక్కలొచ్చి తనంతట తాను గూడు విడిచి వెళ్లాక దారం తీసే అహింసా పట్టు ఉంది. ఆ పద్ధతి తెచ్చినవారు మన చేనేత శాఖలో పనిచేసిన కుసుమ రాజయ్య. మరో పండక్కి మీరే ఆవిడకు ఒక చీర కొనిపెట్టవచ్చు. ఇప్పుడు మాత్రం ఆ ఊసెత్తకండి.)

ఇక వస్తువుల సంగతి. నాలుగింటినీ ఒకే గాటన కట్టకండి. స్టీలు రేజర్‌తో ఎవరికీ పేచీ లేదు. వేడినీళ్లలో గిన్నెలు తోమే సబ్బు వేసి, తల విప్పి, పాత పళ్ల బ్రష్‌తో రుద్ది కడిగి కొత్త బ్లేడు వేయండి. మీ పొక్కులు తగ్గడానికి ముఖ్య కారణం అదే కావచ్చు: రెండు మూడు బ్లేడ్ల ప్లాస్టిక్ రేజర్ వెంట్రుకను పైకి లాగి చర్మం మట్టానికి కింద కోస్తుంది, అది మళ్లీ పెరిగేటప్పుడు చర్మంలోకే గుచ్చుకుని పొక్కు అవుతుంది. ఒకే బ్లేడు మట్టంగా కోస్తుంది. అంటే బ్యాడ్జర్ వెంట్రుకలు, గొడ్డు కొవ్వు వదిలేసినంత మాత్రాన మెడ మళ్లీ పాత స్థితికి వస్తుందని భయపడనక్కర్లేదు.

సబ్బు గురించి అత్తగారు అన్నది నిజం. టాలో అంటే పశువుల కొవ్వు. అది ఏ పశువుదో పెట్టె మీద రాయరు గానీ అమెరికా సబ్బుల్లో ఎక్కువగా గొడ్డుదే. అందులో స్టియరిక్, పామిటిక్ ఆమ్లాలు ఎక్కువ కాబట్టి నురగ చిక్కగా, మీగడలా వస్తుంది. ఆ చిక్కదనం శాకాహార సబ్బులోనూ వస్తుంది: పామాయిల్ నుంచి తీసిన స్టియరిక్ ఆమ్లం, కొబ్బరినూనె, దానికి షియా లేదా కోకో వెన్న కలిపితే చాలు. పదార్థాల జాబితాలో సోడియం టాలోవేట్ ఉంటే పశువు కొవ్వు. సోడియం పామేట్, సోడియం కొకోయేట్ ఉంటే పామాయిల్, కొబ్బరి. స్టియరిక్ యాసిడ్, గ్లిజరిన్ అని మాత్రమే రాసి ఉంటే రెండు వైపులా రావచ్చు. అప్పుడు ఆకుపచ్చ చుక్క చూడండి, లేకపోతే కంపెనీకి రాసి అడగండి. "క్రూయెల్టీ ఫ్రీ" అన్న మాట చూసి మోసపోకండి. దాని అర్థం జంతువుల మీద పరీక్షించలేదని; లోపల జంతు పదార్థం లేదని కాదు. కాస్మెటిక్స్‌ను జంతువుల మీద పరీక్షించడాన్ని మన దేశం 2014లోనే నిషేధించింది, కాబట్టి ఇక్కడి సరుకు మీద ఆ మాటకు అంత విలువ కూడా లేదు. మీకు కావలసిన మాట "వీగన్", అంటే జంతువుల నుంచి వచ్చినదేదీ లేనిది.

పామాయిల్‌కు ప్రాణనష్టం లేదా అంటే ఉంది. ఇండోనేషియా, మలేషియాల్లో అడవులు కొట్టి వేసిన తోటలున్నాయి. మన దేశంలో ఆయిల్‌పామ్ గెలలు ఎక్కువగా పండించేది ఆంధ్రప్రదేశే, ఏలూరు వైపు తోటలు చాలామంది చూసే ఉంటారు. అయినా సబ్బులోకి వెళ్లే నూనెలో చాలా భాగం దిగుమతే. హింస సున్నా అయిన సబ్బు దొరకదు. ఒక సబ్బు మాత్రం ఇంట్లో అందరూ ముట్టుకోగలిగినది, ఇంకోటి ముట్టుకోలేనిది. సబ్బు విషయంలో నా అభిప్రాయం గట్టిది: తీసేయండి. కొన్ని నెలల్లో అయిపోయే వస్తువు కోసం ఇంట్లో ఒక పెద్దావిడ పూజ ముందు ఇబ్బంది పడడం ఎందుకు? సింకులో కరిగించి పారబోయకండి, గొట్టం పూడుకుపోతుంది. ఏముందో చెప్పి, అభ్యంతరం లేని స్నేహితుడికి ఇవ్వండి. గిన్నె కూడా దానితోనే ఇవ్వండి. చెక్కలోకి సబ్బు ఇంకి ఉంటుంది, ఎంత కడిగినా పోదు.

క్రీములో లానోలిన్ ఉంటే అది గొర్రె ఉన్ని కడిగినప్పుడు వచ్చే జిడ్డు. చంపి తీసేది కాదు. అత్తగారికి చెప్పి ఆవిడ మాట వినండి. శాలువా కప్పుకునే ఇంట్లో దీనికి పెద్ద గొడవ ఉండదనుకుంటాను.

అసలు చిక్కు బ్రష్. బ్యాడ్జర్ ఊరకుక్క కన్నా పొట్టిగా, లావుగా, ముఖం మీద నలుపు తెలుపు చారలతో, బొరియ తవ్వుకుని రాత్రిళ్లు తిరిగే జంతువు. బ్రిటన్‌లో 1992 చట్టం కింద దానికి రక్షణ ఉంది, కానీ యూరప్ కంపెనీలు అమ్మే బ్రష్‌లలోని వెంట్రుకలు కూడా ఎక్కువగా చైనా నుంచే వస్తాయి. గొర్రెను గొరిగినట్టు బ్యాడ్జర్‌ను గొరగరు. చర్మంతో సహా తీసిందే. 2018లో జంతు హక్కుల సంస్థ పెటా ఆసియా అక్కడి ఇరుకు బోనుల వీడియోలు బయటపెట్టాక కొన్ని కంపెనీలు ఆ బ్రష్‌లు అమ్మడం మానేశాయి. పాప చూసింది అలాంటిదే అయి ఉండవచ్చు. మాంసం కూడా తింటారు కాబట్టి వెంట్రుకలు ఉపసరుకేనని అమ్మేవాళ్లు అంటారు; అయితే గుర్రంలాగా జూలు కత్తిరించి జంతువును వదిలేసే అవకాశం ఇక్కడ లేదు. గుర్రపు వెంట్రుకలకైనా, ప్రతి బ్రష్‌కూ బతికున్న గుర్రం నుంచే తీశారన్న హామీ ఉండదు. మన దగ్గరా ముంగిస వెంట్రుకలతో పెయింటింగ్ బ్రష్‌లు చేసేవాళ్లు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

మీ ముందున్న దారులు ఇవీ. మొదటిది, కొత్తది కొనకుండా ఉన్నదాన్ని అరిగేదాకా వాడడం. చనిపోయిన జంతువు తిరిగి రాదు, కొత్తగా ఏదీ చావదు. లెక్క ప్రకారం తప్పు పట్టలేం. కానీ జాగ్రత్తగా చూసుకుంటే మంచి బ్యాడ్జర్ బ్రష్ పదేళ్లు వస్తుంది. పదేళ్లు పాప ఆ బ్రష్‌ను చూస్తూ ఉంటుంది. రెండోది, ఎవరికైనా ఇచ్చేయడం. కొత్తది కొనబోయే మనిషికి ఇస్తే ఒక కొత్త బ్రష్ అమ్ముడుపోదు, అది నిజమైన మేలు. ఊరికే చూడ్డానికి బాగుందని తీసుకునేవాడికి ఇస్తే రేపు అతనే ఇంకోటి కొంటాడు. బావగారి కానుక మాత్రం ఇల్లు దాటుతుంది. మూడోది, అసలు బ్రష్ లేకుండా వేళ్లతో క్రీము రాసుకోవడం. పని జరుగుతుంది, ఖర్చు లేదు; మీరు ఇష్టపడిన ఆ పది నిమిషాలు మాత్రం మూడు నిమిషాలవుతాయి.

నాలుగోది నాకు నచ్చినది: పిడి ఉంచి, అందులో బిగించిన వెంట్రుకల కుచ్చు మార్చడం. బావగారి చేతి కానుక పిడిలో నిలుస్తుంది, ఇంట్లో ఎవరికీ పనికిరానిది వెళ్లిపోతుంది. సింథటిక్ కుచ్చు విడిగా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

ముందు వెంట్రుకలు పిడిలోంచి బయటికి వచ్చే చోట అడ్డం కొలవండి. సాధారణంగా 22, 24, 26 మిల్లీమీటర్లలో ఒకటి. పిడి అంచు నుంచి కొస దాకా ఎత్తు కూడా రాసుకోండి. 24 మిల్లీమీటర్ల సింథటిక్ కుచ్చుకు పైకి కనిపించే ఎత్తు 50 దగ్గర ఉంటే బాగుంటుంది. 55 దాటితే ముఖం మీద వేలాడుతుంది, 45 కన్నా తగ్గితే గుచ్చుకుంటుంది. తర్వాత కత్తెరతో వెంట్రుకలు మట్టంగా కత్తిరించండి. మీది చెక్క పిడి, కాబట్టి వేడినీళ్లలో నానబెట్టవద్దు, పగులుతుంది. పిడిని గుడ్డ చుట్టి బిగించి, 3 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్‌తో వెంట్రుకల మొదళ్లను పట్టి ఉంచే జిగురు దిమ్మ నడిమధ్య రంధ్రం చేసి, బిట్ సైజు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. గుంట లోతెంతో చూసి బిట్ మీద టేపు చుట్టుకోండి; ఆ గుర్తు లేకుండా చేసినవాళ్లు పిడి అడుగుకు బెజ్జం పెట్టుకుంటారు. గోడల దగ్గర డ్రిల్లు ఆపి, మిగిలిన జిగురును చిన్న ఉలితో పెళ్లగించి గరుకు కాగితంతో రుద్దాలి. చేతకాదనిపిస్తే వడ్రంగికి పావుగంట పని.

జిగురు లేకుండా ఒకసారి కుచ్చు పెట్టి చూడండి. గుంట లోతు ఎక్కువై కుచ్చు కిందికి దిగిపోతే అడుగున చిన్న చెక్క బిళ్ల వేయండి. రెండు ట్యూబుల అరల్డైట్ సమానంగా కలిపి, గుంట గోడలకు పల్చగా రాసి, కుచ్చు కూర్చోబెట్టి, నిలువుగా 24 గంటలు వదిలేయండి. ఇక్కడ జరిగే తప్పు ఒకటే, జిగురు ఎక్కువ వేయడం. అది పోగుల్లోకి పాకి మొదలు రాయిలా గట్టిపడుతుంది, మళ్లీ బాగుచేయలేరు.

ప్లాస్టిక్ పాపం కాదా అన్నారు. ప్రశ్న న్యాయమైనదే. ఈ పోగులు పెట్రోలియం నుంచి వచ్చే పీబీటీ అనే పాలియెస్టర్‌వో, నైలాన్‌వో అయి ఉంటాయి, మట్టిలో కలవవు. కానీ కుచ్చు మొత్తం కలిపి కొన్ని గ్రాములు, ఏళ్ల తరబడి వస్తుంది. మీరు ఇదివరకు వారానికొకటి చొప్పున ఏడాదికి 52 రేజర్లు పారేశారు, స్ప్రే డబ్బాలు అదనం. స్టీలు రేజర్ ఉంచుకుని సింథటిక్ కుచ్చు వాడితే ప్లాస్టిక్ లెక్కలోనూ మీరు ముందున్న దానికన్నా ఎంతో మెరుగు. మళ్లీ ఆ ప్లాస్టిక్ రేజర్ల దగ్గరికి వెళ్లడమే అన్నిటికన్నా చెడ్డ దారి.

వాడకంలో తేడా ఉంటుంది, చెప్పకపోతే మొదటి వారంలోనే నిరాశపడతారు. బ్యాడ్జర్ వెంట్రుక నీళ్లు పట్టి ఉంచుతుంది, సింథటిక్ పోగు పట్టదు, ఒక్కసారిగా వదిలేస్తుంది. నానబెట్టనక్కర్లేదు. గోరువెచ్చని నీళ్లలో ముంచి మూడు నాలుగు సార్లు గట్టిగా విదిలించండి. బాదంగింజంత క్రీము, లేదా సబ్బు మీద 15 సెకన్లు తిప్పడం చాలు. ముఖం మీద తిప్పుతూ, కొసలు మాత్రమే నీళ్లలో అద్ది, మూడు నాలుగు విడతలుగా నీరు చేర్చాలి. మొదటే నీళ్లెక్కువైతే నురగ బుడగలు బుడగలుగా వచ్చి మెడ మీదుగా కారిపోతుంది. మీది బోరు నీళ్లయితే అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి, నురగ నిలవదు. ఒక గ్లాసు ఆర్వో ఫిల్టర్ నీళ్లు పక్కన పెట్టుకోండి. బ్రష్ కుచ్చు అడుగున తెల్లగా పేరుకుంటే నెలకోసారి ఒక కప్పు నీళ్లలో చెంచాడు వెనిగర్ కలిపి ఐదు నిమిషాలు ఉంచి కడగండి.

బావగారికి సంక్రాంతికి వచ్చాక తెలిసేలా చేయకండి. ఇప్పుడే ఫోన్ చేయండి. "బావగారూ, మీరిచ్చిన సెట్ వల్ల మెడ పొక్కులు తగ్గాయి. బ్రష్ వెంట్రుకలు బ్యాడ్జర్‌వని తెలిసి పాప చాలా ఏడ్చింది, సబ్బు పూజింట్లో ఇబ్బందైంది. పిడి, రేజర్ ఉంచుకుని కుచ్చు ఒక్కటీ మారుస్తున్నాను." ఇంతే చాలు. అత్తగారి మాట ముందుకు తెచ్చి ఆవిడ మీదకి నెట్టకండి. బావగారు చాలావరకు పెట్టె మీద అక్షరాలు చదవకుండానే కొని ఉంటారు, ఆయనకి తప్పు చేశానన్న భావం కలగకుండా పొక్కుల సంగతి ముందు చెప్పండి. ఒకవేళ నొచ్చుకుంటే, సంక్రాంతికి ఆయన చేతికే ఆ పిడి ఇచ్చి నురగ పట్టి చూడమనండి.

పాపకు మాత్రం మూడు వారాలుగా జవాబు బాకీ ఉంది. "తెలియదమ్మా" అనకండి, "అది మాంసం కోసం చంపిందేలే" అని చిన్నది చేయకండి. "చంపారు. నాకు తెలియక వాడాను, ఇప్పుడు మార్చేస్తున్నాను" అనండి. కత్తిరించిన పాత వెంట్రుకలు మట్టిలో పెడతానంటే పెట్టనివ్వండి, నెమ్మదిగా కుళ్లిపోతాయి. తులసి కుండీలో మాత్రం వద్దు.

కొత్త కుచ్చు వచ్చాక పక్కన కూర్చోబెట్టుకోండి. కొన్ని సింథటిక్ పోగులకు కూడా బ్యాడ్జర్‌లాగే మధ్యలో నల్ల పట్టీ రంగు వేస్తారు, చూస్తే తేడా తెలియదు, పాపకు అనుమానం రావచ్చు. పాతదాంట్లోంచి ఒక వెంట్రుక, కొత్తదాంట్లోంచి ఒక పోగు తీసి, మీరే పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద అగ్గిపుల్లతో అంటించండి. పాతది జుట్టు కాలిన వాసన వచ్చి, వేళ్లతో నలిపితే బూడిదవుతుంది. కొత్తది కరిగి ముడుచుకుపోయి, కొసన చిన్న గట్టి పూసలా మిగులుతుంది. చల్లారాక ఆ పూసను పాప చేతిలో పెట్టండి.